కిటికీ లేని గదిలో పదకొండు కుండీలు

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళాయన అనేవారు. కొత్తగా దిగినవాళ్ళు ఒకరిద్దరు ఆ పేరు విని, సంచీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చి, "డజను ఎంతకిస్తారండీ?" అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి. "డజన్ల లెక్కన ఇవ్వనమ్మా, నోటి లెక్కన ఇస్తాను" అంటూ బల్ల మీద ఆరబెట్టిన పళ్ళసెట్టు చూపించేవాడు. వచ్చినవాళ్ళు నవ్వాలో బెదరాలో తెలియక సంచీ మడిచి చంకలో పెట్టుకుని దిగిపోయేవారు. లోపలి గదిలోంచి వాళ్ళక్క పగలబడి నవ్వడం మెట్ల దాకా వినిపించేది.

అతని పని కట్టుడు పళ్ళు తయారు చెయ్యడం. పంటి డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, పింగాణీ పొడి తడిపి సన్నటి కుంచెతో పొర మీద పొర అద్ది, చిన్న కరెంటు కొలిమిలో పెట్టి కాలుస్తాడు. మనకి తెలుపంటే ఒకటే తెలుపు. అతనికి పదహారు. పక్క పన్ను కాస్త పాలరంగులో ఉందా, దంతం రంగులోకి దిగిందా, చివర నీలిజీర ఉందా అని నమూనా పళ్ళ వరస పట్టుకుని పగటి వెలుగులో పోల్చి చూడాలి. ట్యూబులైటు కింద కుదిరినట్టు కనిపించిన పన్ను ఎండలోకి వెళ్ళేసరికి పరాయి పన్నులా తేలిపోతుంది. ఈ విషయంలో అతని కన్ను మీద డాక్టర్లకి గురి. అంతకంటే ఎక్కువ గురి అతనికే ఉండేది.

అక్క అతనికన్నా పదమూడేళ్ళు పెద్దది. తల్లి పోయాక అతనికి జడ వేసి మరీ బడికి పంపింది. అప్పట్లో అతని జుట్టు కత్తిరించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఏడుస్తూ ఫోను చేస్తే, వాళ్ళని సరైన వార్డుకి కలిపే దాకా గొంతు వణక్కుండా మాట్లాడడం ఆమె ఉద్యోగం. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. తమ్ముడు పరధ్యానంగా ఉంటే, "హలో, లైన్లో ఉన్నావా?" అనేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకరికి సంబంధం కుదిరినప్పుడు ఇంకొకరికి ఏదో అడ్డం వచ్చేది. చివరికి ఆ ప్రస్తావన ఇద్దరూ మానేశారు.

వాళ్ళ వాటా మేడ మీద ఆఖరి అంతస్తు. రెండు గదులు, ఓ వంటిల్లు. ముందు గదికి పెద్ద కిటికీ ఉంది. అక్క ఉండే లోపలి గదికి కప్పు దగ్గర జానెడు వెంటిలేటరు తప్ప ఇంకేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ అక్క మొక్కలదే. రెండు బిగోనియాలు, మూడు ఫెర్నులు, మనీప్లాంటు ఒకటి, నూగు ఆకుల మధ్య ఊదారంగు పూలు పూసే చిన్న వయొలెట్లు ఐదు. అన్నీ కలిపి పదకొండు కుండీలు. తుంటి ఆపరేషను అయ్యి వాకర్ పట్టుకుని నడవడం మొదలయ్యాక ఆమె కిందికి దిగడం తగ్గిపోయింది. ఆ పదకొండు కుండీలే ఆమెకి తోటా, వీధీ, షికారూ.

అతను పనిచేసే ల్యాబు మూతపడింది. పళ్ళు చెక్కే యంత్రం పెట్టుకున్న పెద్ద ల్యాబు ఒకటి దాన్ని కలిపేసుకుంది. కొలిమినీ కుంచెలనీ ఇంటికి తెచ్చుకుని ముందు గదిలో బల్ల వేసుకున్నాడు. కిటికీ వెలుగు లేకపోతే అతని కన్ను పనిచెయ్యదు. రెండ్రోజులు ఆ కుండీల పక్కన ఒదిగి కూర్చుని చూశాడు. మూడో రోజు అక్కే అంది.

"వాటిని నా గదిలో పెట్టు. నాకూ తోడుంటాయి."

"అక్కడ వెలుతురు లేదు కదే అక్కా."

"ట్యూబులైటు ఉందిగా. పెట్టు."

అతను ఇంకోసారి వద్దనాల్సింది. అనలేదు. కుండీలు ఒక్కొక్కటే లోపలికి చేరవేస్తుంటే చేతులు తేలికపడుతున్నట్టే అనిపించింది, మనసు మాత్రం అందుకు ఒప్పుకోలేదు.

నాలుగు నెలల్లో మొక్కలు తీగల్లా సాగాయి. ఆకుల రంగు వెలిసింది. వయొలెట్లు పువ్వు సంగతి మరిచిపోయాయి. అక్క ఒక్క మాటా అనలేదు. ఒకరోజు చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే పాత పేపరుతో కట్టిన పొట్లం ఒకటి విడిపోయింది. దాని నిండా పసుపు ఆకులు. అతని కంట పడకుండా ఆమె ఏరోజుకారోజు రాలిన ఆకుల్ని పొట్లం కట్టి పారేస్తోందన్నమాట. ఆ పొట్లాన్ని అతను మళ్ళీ కట్టి బుట్టలోనే పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా దాచిపెట్టింది.

మర్నాడే రెండు వీధుల అవతల కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గర ఉన్నావిడ ఆ దుకాణందారు కోడలు. మొక్కలకి దీపం కావాలనగానే చేతిలో ఉన్న వైరు చుట్ట పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టింది.

"గది ఎంతుంటుంది సార్?"

"చిన్నది. మంచం పడితే ఇంక నడవడానికి దారి."

"వేడా, చల్లనా?"

"పైనేం లేదమ్మా, కప్పే. ఎండాకాలం పెనమే."

"అయితే జాగ్రత్తగా ఎంచుకోవాలి. మొక్కకి కావల్సింది వెలుగు, వేడి కాదు. ఇవిగో, ఈ తెల్ల ఎల్ఈడీ పట్టీలు తీసుకోండి. తక్కువ వాట్లవి రెండు చాలు. ఆకులకి మూరెడు ఎత్తులో కట్టండి. దగ్గరగా ఉంటే చిన్న దీపమే సరిపోతుంది, దూరంగా పెట్టి పెద్ద దీపం వెలిగించక్కర్లేదు. దీనికి డ్రైవర్ అని ఈ డబ్బా ఉంటుంది, దీన్ని గది బయట గోడకి బిగిస్తే ఆ వేడి కూడా బయటే పోతుంది. ఊదారంగు దీపాలూ ఉన్నాయి గానీ, ఆ వెలుతురులో మనిషి కూర్చోలేడు, ఆకుకి తెగులొచ్చినా కనబడదు. అన్నట్టు, గదిలో ఎవరైనా ఉంటారా?"

"ఎవరూ ఉండరు. మొక్కలే" అన్నాడు.

ఎందుకన్నాడో తరవాత ఎన్నిసార్లు తవ్వుకున్నా అతనికి అంతుపట్టలేదు. అక్కని ఆ చీకటి గదిలోకి నెట్టి కిటికీ తను తీసుకున్నానని ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఒప్పుకోలేక అన్నాడేమో. ఆవిడ ఆ పట్టీని అతని చేతిలో పెట్టింది. పుల్లలా ఉంది. దాన్ని చూస్తే అతనికి నవ్వొచ్చింది. పదహారు తెలుపుల్ని విడదీసే మనిషికి వెలుగు గురించి పాఠమా! నాలుగు నెలల తప్పుని దిద్దడానికి ఈ పుల్ల ఏం సరిపోతుంది? ఆలోచించి చెప్తానని వచ్చేశాడు.

అతనికి హోర్డింగులు కట్టే స్నేహితుడొకడున్నాడు. పెద్ద పెద్ద ప్రకటన బోర్డులకి పైనుంచి కొట్టే ఫ్లడ్‌లైట్లు వాడి గోడౌన్లో మూలపడి ఉన్నాయి. నాలుగు వందల వాట్ల మెటల్ హలైడ్ దీపం, దానికో ఇటుకంత చోకు. అతను జేబులోంచి నమూనా పళ్ళ వరస తీసి ఆ దీపం కింద పట్టుకుని చూశాడు. పదహారు తెలుపులూ దేనికది విడివిడిగా, నడిమధ్యాహ్నం ఎండలో చూసినట్టు కనిపించాయి.

"ఇదే కావాలి" అన్నాడు.

"చిన్న గదికి ఇదెందుకురా? బోర్డుకి పెడితే అటు వీధి దాకా పడుతుంది" అన్నాడు స్నేహితుడు.

"అక్కకి సూర్యుణ్ణే పట్టుకెళ్తున్నాను, అడ్డుపడకు."

ఆ మాట అన్నందుకు దారి పొడుగునా పొంగిపోయాడు.

అక్క గది కప్పుకి కొక్కెం కొట్టి, గొలుసుతో దీపం వేలాడదీసి, దాని కింద బల్ల మీద కుండీలు పేర్చాడు. స్విచ్చి వేశాక అది మినుకుమినుకుమంటూ నెమ్మదిగా తెల్లబడి, గది మూలమూలలా వెలుతురు కొట్టింది. అక్క కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏరా, మంచం కింద బూజు కూడా కనిపిస్తోంది!"

"నచ్చిందా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అప్పుడు అతని మొహం ఎలా ఉందో మనం ఊహించుకోవచ్చు. "బ్రహ్మాండం" అంది.

అతను వెలుగు చూశాడు గానీ వేడి చూడలేదు. ఆకుల ఎత్తున చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ఉంచి ఉంటే తెలిసిపోయేది. మొదటి వారం మొక్కలు తలలెత్తాయి. రెండో వారానికి వయొలెట్ల ఆకుల అంచులు వేయించిన అప్పడంలా ముడుచుకున్నాయి. "కొత్తచోటుకి అలవాటు పడుతున్నాయి" అన్నాడు. అక్క కాదనలేదు. చెమటతో వీపుకి అంటుకున్న జాకెట్టు లాక్కుంటూ, విసనకర్ర లాంటి అట్టముక్కతో ఒకసారి తనకీ ఒకసారి ఫెర్నుకీ విసిరేది.

అసలు గొడవ కొలిమి దగ్గర వచ్చింది. పాత బిల్డింగు, పాత వైరింగు. కొలిమి పూర్తి వేడికి చేరే సమయంలో ఇంట్లో మెయిన్ టప్పున పడిపోయేది. పన్ను సగం కాలి మెత్తబడినప్పుడు కరెంటు పోతే ఆ పన్ను ఇక పనికిరాదు. రెండుసార్లు అలా అయ్యాక, "అక్కా, కొలిమి నడిచేటప్పుడు ఓ గంట ఫ్యాను ఆపేస్తావా?" అని అడిగాడు.

"దీపం ఆపనా?"

"అది ఆపితే మళ్ళీ వెంటనే వెలగదే. చల్లారి వెలగడానికి పావుగంట పడుతుంది. మాటిమాటికీ ఆపితే పాడైపోతుంది. ఫ్యానే ఆపు."

"సరే" అంది. ఆసుపత్రి స్విచ్‌బోర్డు మీద ఎన్ని లైన్లు కలిపిందో అన్ని సార్లు అని ఉంటుంది జీవితంలో ఆ మాట.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. ఒక డాక్టరు ముందుపళ్ళు నాలుగు సాయంత్రానికల్లా కావాలన్నాడు. ఒక గంట అన్నది రెండున్నర గంటలైంది. ఫ్యాను సంగతి అతనికి గుర్తు లేదు. కొలిమి మూత తీసి, నాలుగు పళ్ళూ కిటికీ దగ్గర పట్టుకుని చూసుకుంటే ముచ్చటేసింది. "అక్కా, ఇలా చూడు, ఇవి కట్టుడు పళ్ళంటే ఎవరూ నమ్మరు!" అని కేకేశాడు. జవాబు లేదు. మళ్ళీ కేకేశాడు. లోపల వాకర్ పడిన చప్పుడు వినిపించింది.

ఆమె మంచానికీ బల్లకీ మధ్య నేల మీద ఉంది. ఒళ్ళు పొయ్యి మీద గిన్నెలా కాలిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అతన్ని గుర్తుపట్టలేదు. "ఏ వార్డు కావాలండీ?" అంది స్పష్టంగా. అతని కేకలకి పక్కవాటాలో ఉండే లెక్కల టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. రిటైరై పదేళ్ళైనా క్లాసులో పిల్లల్ని అదిలించినట్టే మాట్లాడే మనిషి. "చూస్తావేమయ్యా, బయటికి లాగు! తడిగుడ్డ తే!" అని ఆవిడే అన్నీ చేయించి, ఆటోలో ఆసుపత్రికి ఎక్కించింది.

ఎండదెబ్బ తగిలినట్టుందన్నారు అక్కడ. సెలైను ఎక్కించారు, చంకల్లో మంచుసంచులు పెట్టారు. సాయంత్రానికి తెలివొచ్చింది. చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ కాగితాల అట్ట పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"ఎండలో ఎక్కడికైనా వెళ్ళారా?"

"లేదండీ, ఇంట్లోనే" అన్నాడు అతను.

"ఇంట్లోనే ఉండి ఇంత వేడి ఎలా ఎక్కింది? గదిలో గాలి ఆడుతుందా? ఫ్యాను ఉందా?"

అటుపక్క టీచరమ్మ నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు అతని మీదే ఉన్నాయి. ఫ్యాను ఉంది, నేనే ఆపించాను. నాలుగు వందల వాట్ల దీపం ఉంది, నేనే కట్టాను. ఈ రెండు ముక్కలూ గొంతు దాకా వచ్చాయి. నోరు మాత్రం వేరేది అనేసింది.

"ఫ్యాను ఉందండీ. పై అంతస్తు కదా, వేడి. దానికి తోడు ఈవిడ నీళ్ళు తాగదు. ఎంత చెప్పినా వినదు."

మంచం మీద అక్క తల తిప్పి అతన్ని చూసింది. ఒక్క క్షణమే. తరవాత డాక్టరమ్మ వైపు తిరిగి, "నిజమేనండీ. తాగను" అంది.

అతనికి ఆ క్షణంలో నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. నేల చీలలేదు. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. "ఈ వయసులో నీళ్ళు తాగకపోతే ఎలా అమ్మా? రోజుకి మూడు లీటర్లు, కొలిచి తాగాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో వారం వారం రక్తపరీక్ష చేయిద్దాం" అంది. టీచరమ్మ తలపట్టుకుని, "చదువుకున్నదానివి, ఆసుపత్రిలో పనిచేసినదానివి, నీళ్ళు తాగడానికి నీకొకళ్ళు చెప్పాలా!" అని మొదలుపెట్టింది. అక్క ఆ తిట్లన్నీ కళ్ళు మూసుకుని విన్నది.

ఇంటికొచ్చాక అతను చేసిన మొదటి పని ఆ దీపం విప్పి మేడ మీద పడెయ్యడం. అక్క చూసింది గానీ ఎందుకని అడగలేదు. అప్పటికి వయొలెట్లలో నాలుగు, ఫెర్నుల్లో రెండు, బిగోనియాల్లో ఒకటి మాడిపోయాయి. మిగిలిన నాలుగు కుండీలు కిటికీ దగ్గరికి తెస్తానంటే, "వద్దు, నీ పని పాడవుతుంది" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లేకపోవడమే అతన్ని పొడిచింది.

మర్నాటి నుంచి టీచరమ్మ పాలన మొదలైంది. ఒక పెద్ద సీసా తెచ్చి, దాని మీద స్కేలు పెట్టి గీతలు గీసి, గీత పక్కన గంట రాసింది. ఎనిమిదికి ఇక్కడి దాకా, పదికి ఇక్కడి దాకా. వచ్చి వెలుతురులో పట్టుకుని చూసి, గీత దాటకపోతే, "ఏం, మళ్ళీ సెలైను ఎక్కించుకోవాలని ఉందా?" అనేది. అక్క నోరు మెదపకుండా తాగేది. ఆమె అంతకు ముందు కూడా నీళ్ళు బాగానే తాగేది. పొద్దున్నే చెంబెడు నీళ్ళు గటగటా తాగి గానీ టీ ముట్టని మనిషి. ఇప్పుడు పొట్ట ఉబ్బినా తాగుతోంది. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా! గంటకోసారి వాకర్ పట్టుకుని బాత్రూముకి ప్రయాణం. మంచం మీంచి లేవడం, తుంటి పట్టేసి ఒక్క క్షణం ఆగడం, టక్కు టక్కుమంటూ వాకర్ వంటింటి మీదుగా వెళ్ళడం. బల్ల దగ్గర కుంచె పట్టుకున్న అతనికి ప్రతి టక్కూ వినిపించేది. ఆ అబద్ధం రోజుకి పన్నెండుసార్లు ఇంట్లో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తోందనిపించేది. అద్దుతున్న పింగాణీ పొర పక్కకి జారిపోయేది.

గురువారం గురువారం రక్తం తీసేవాడు వచ్చేవాడు. ఆమె నరాలు సన్నం. మూడుచోట్ల గుచ్చితే గానీ దొరికేవి కావు. మోచేతి మడతలో నీలం మచ్చలు, మచ్చ మీద మచ్చ. "పర్లేదు నాయనా, నింపాదిగా చూసుకో" అని వాడికే ధైర్యం చెప్పేది.

నాలుగో గురువారం అయ్యాక, మెయిన్ ఎందుకు పడిపోతోందో చూడమని ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. అతను బోర్డు విప్పి, అరిగిపోయిన స్విచ్చి ఒకటి మార్చి, ఏమేం నడుస్తాయని అడిగాడు. పళ్ళాయన కొలిమి సంగతి చెప్పాడు, దీపం సంగతి చెప్పాడు, ఫ్యాను ఆపేవాళ్ళమని కూడా గొణిగాడు.

"ఫ్యానా!" ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "ఫ్యాను ఏం తింటుంది సార్, చిటికెడు. ఆ దీపం అయిదారు ఫ్యాన్లంత లాగుతుంది. ఫ్యాను ఆపి దీపం ఉంచడమేంటి? ఎవరిచ్చారు ఆ సలహా?"

"నేనే" అన్నాడు. ఆ ఒక్క మాట బయటికి వచ్చేసరికి నెలరోజులుగా గుండెలో ఇరుక్కున్నది కాస్త కదిలినట్టయింది. ఎలక్ట్రీషియన్ని పంపించి తిన్నగా లోపలికి వెళ్ళాడు. అక్క సీసాలో పన్నెండు గంటల గీత దాకా తాగడానికి తంటాలు పడుతోంది. అతను సీసా లాక్కున్నాడు.

"తాగకు."

"టీచరమ్మ చంపుతుంది."

"అక్కా, నువ్వు పడిపోయింది నా వల్ల. దుకాణంలో ఆవిడ చిన్న దీపం చాలంది, నేను విన్లేదు. గదిలో ఎవరైనా ఉంటారా అంటే ఎవరూ ఉండరన్నాను. ఫ్యాను ఆపమన్నాను. అంతా నేనే చేసి నీ మీదకి తోసేశాను."

అక్క వాకర్ చేతిపట్టీ సర్దుకుంటూ కూర్చుంది. అతను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. ఏభై ఒక్కేళ్ళ మనిషి.

"దీపానికి నాకు కోపం లేదురా" అంది చివరికి. "ప్రేమకొద్దీ తెచ్చావు, తెలివి చాల్లేదు. ఫ్యాను నేనూ వేసుకోవచ్చు, నీ పళ్ళు పాడవుతాయని వేసుకోలేదు. కానీ ఆసుపత్రిలో నా తల మీదుగా ఆ మాట అన్నావు చూడు. నేనక్కడే ఉన్నాను. సూది గుచ్చించుకుని, తెలివిలో ఉన్నాను. నేను లేనట్టే అన్నావు."

అతను చేతిలోని సీసా పక్కన పెట్టాడు.

"ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి మాటలో ఎవరెవరికో కలిపాను. ఎవరి మాటనీ మార్చలేదు. నీ కోసం డాక్టరు ముందు అబద్ధం ఆడాను. అది నాకు బాగాలేదు."

"ఏం చెయ్యమంటావు చెప్పు."

"ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే సరిచెయ్యి. నా ముందు ఏడిస్తే నాకేం లాభం? లే, ముక్కు తుడుచుకో."

మర్నాడు ఆసుపత్రికి ఆమెని తీసుకుని వెళ్ళాడు. టీచరమ్మని కూడా రమ్మన్నాడు. డాక్టరమ్మ రిపోర్టులు తిరగేస్తుంటే, ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాడు. దీపం ఎన్ని వాట్లో, ఫ్యాను ఎంతసేపు ఆగిందో, నీళ్ళ మాట ఎందుకన్నాడో. చెప్తున్నంతసేపూ టీచరమ్మ వైపు చూడలేకపోయాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే ఇన్నిసార్లు రక్తం తీయించేదాన్ని కాదు. ఇంట్లో కూర్చున్న మనిషికి అంత వేడి ఎందుకెక్కిందో తెలియక, లోపల ఇంకేదో ఉందని వెతుకుతున్నాను నేను" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. అట్ట మీద ఒక గీత కొట్టి, "దాహాన్ని బట్టి తాగండమ్మా, మూడు లీటర్లు అక్కర్లేదు. పరీక్షలూ ఆపేద్దాం" అని అక్కకి చెప్పింది.

టీచరమ్మ ముందు నడిచి మెట్ల దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, "నెలరోజులు ఈవిడని నోటికొచ్చినట్టు తిట్టించావు కదయ్యా నాచేత!" అంది. తరవాత మూడు వారాలు అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే గోడవైపు చూస్తూ దిగిపోయేది. అతను అది తనకి రావల్సిందేనని తీసుకున్నాడు.

దీపాల కోసం మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాడు. దుకాణందారు కోడలు గుర్తుపట్టింది.

"ఆలోచించుకున్నారా సార్?"

"ఆ రోజు మీకు తప్పు చెప్పానమ్మా. ఆ గదిలో మా అక్క ఉంటుంది" అన్నాడు.

ఆవిడ అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు. కాగితం తీసుకుని గది బొమ్మ గీయించింది. మంచం ఎక్కడ, తల ఏవైపు, బల్ల ఎక్కడ. పట్టీలు మంచానికి ఎదురుగా కాకుండా గోడవారగా, అంచుకి రేకు మడత పెట్టి, వెలుతురు ఆకుల మీదే పడి కళ్ళలో పడకుండా ఎలా కట్టాలో చూపించింది. పొద్దున ఆరింటికి వెలిగి సాయంత్రం ఆరింటికి ఆరిపోయేలా టైమరు ఇచ్చింది. ఈసారి అతను సొంత తెలివి వాడలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఇంటికి తెచ్చి బిగించే ముందు అక్కని అడిగాడు.

"ఇక్కడ కట్టనా?"

"ఇంకాస్త ఇటు. నాకు ఆ మూల చీకటిగానే ఉండాలి, మధ్యాహ్నం పడుకుంటాను."

కట్టాక ఆకుల ఎత్తున చేతి వెనకభాగం పెట్టి నిమిషం ఉంచాడు. వేడి తగల్లేదు. అక్క కూడా చెయ్యి పెట్టి చూసింది. గోడకి ఒక థర్మామీటరు తగిలించాడు. రోజుకి పదిసార్లు వచ్చి దాన్ని చూస్తుంటే, "నా గదికి జ్వరం రాలేదు, వెళ్ళు" అని కసిరేది. కొలిమి పని పొద్దున చల్లని వేళకే ముగించడం అలవాటు చేసుకున్నాడు. సాయంత్రానికల్లా కావాలనే డాక్టర్లలో ఇద్దరు వేరేచోటికి పోయారు. పోనిమ్మన్నాడు.

మిగిలిన నాలుగు కుండీల్లో ఒకటి తరవాత చచ్చిపోయింది. మూడు బతికాయి. ఫెర్ను కొత్త చిగురు చుట్ట విప్పింది. మిగిలిన ఒక్క వయొలెట్టు ఆకులు వేస్తోంది గానీ ఇంతవరకూ పూయలేదు. టీచరమ్మ తన ఇంట్లోంచి ఒక బిగోనియా కొమ్మ తెచ్చి అక్క చేతికిచ్చింది, అతని చేతికివ్వకుండా. ఆ తరవాత ఎప్పుడో ఒక రోజు, "ఏమయ్యా, పై పన్ను కదులుతోంది, చూస్తావా?" అని తలుపు దగ్గర నిలబడింది. అతను కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, కిటికీ వైపు తిప్పి, ఆ పన్నుని మునుపెన్నడూ ఏ పన్నునీ చూడనంత శ్రద్ధగా చూశాడు.

ఆ తప్పు అతన్ని పూర్తిగా వదిలిందని చెప్పలేం. అక్క దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం క్షమించడమో, విసుగో, మరిచిపోవడమో అతనికి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. కరెంటు పోయి ఆ గదిలో ఫ్యాను చప్పుడు ఆగిపోతే చాలు, చేతిలో ఏ పన్ను ఉన్నా బల్ల మీద పడేసి గుమ్మంలో వచ్చి నిలబడతాడు. అక్క అట్టముక్కతో విసురుకుంటూ తలెత్తి చూస్తుంది.

"బతికే ఉన్నానురా. పో, పని చూసుకో."

అతను వెంటనే పోడు. కరెంటు వచ్చి రెక్కలు తిరగడం మొదలుపెట్టే దాకా, ఇంకో అట్టముక్క తీసుకుని ఆమె పక్కన కూర్చుని విసురుతూ ఉంటాడు.